నాలుగో సీసా

కుతైసీలో లిఫ్టు కూడా నాణెం అడుగుతుంది.
ఇరవై తెత్రీలు పడేసి ఐదో అంతస్తుకి పోతాను
మంగళవారం, శుక్రవారం,
టెక్లేకి జీవశాస్త్రం చెప్పడానికి.

పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులు.
కణాలు వచ్చు, కిణ్వనం వచ్చు,
మైటోకాండ్రియా బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తుంది.
"ఒక ప్రయోగాన్ని రూపొందించండి" అని కనపడిందో,
పెన్ను మూత కొరుకుతూ
కిటికీలోంచి రియోనీ నది వైపు చూస్తుంది,
జవాబు అటుగా కొట్టుకొస్తుందేమోనని.

ఇది చదివితే వచ్చేది కాదమ్మా, అన్నాను.
చేతులు కాస్త కాలాలి.
పాలు కాచు.

నాలుగు ఊరగాయ సీసాలు,
వెల్లుల్లి వాసన వదిలేదాకా తోమినవి.
ఒకే ఆవు పాలు, ఒకే గిన్నెలో కాగినవి.
వేలు ముంచి, ఏడు అంకెలు ఓర్చుకోగలిగితే చాలు
అంది పొయ్యి దగ్గర్నించి బామ్మ నజీబ్రోలా.
వేలు కాదు బామ్మా, థర్మామీటరు.
నలభై రెండు డిగ్రీలు. టెక్లే రాసుకుంది.

మొదటిదానికి అర చెంచా మాత్సోనీ తోడు,
రెండోదానికి ఒకటి, మూడోదానికి రెండు.
నాలుగోదానికి ఏమీ లేదు.

మార్చేది తోడొక్కటే.
కొలిచేది, పొద్దున సీసా వంచితే ఎంత జారుతుందన్నది.
తక్కినవేవీ కదలకూడదు,
పాలు, వేడి, సీసా, గడియారం.

"మరి ఆ చివరిది?"
పోల్చుకోడానికి బామ్మా. దానికి తోడు వెయ్యం.
"అసలు వెయ్యరా?"
వెయ్యం.
"రాత్రంతా?"
రాత్రంతా.

ఆమె ఇంకేం అనలేదు.
ఉన్ని శాలువా తెచ్చి నాలుగింటినీ కలిపి చుట్టింది.
చూశావా, వేడి అన్నిటికీ సమానం,
మీ బామ్మకి నియమాలు తెలుసు
అని మెచ్చుకున్నాను కూడా.

పొద్దున్నే ఫోను.
"టీచర్, నాలుగోది కూడా తోడుకుంది."

దారిపొడవునా కారణాలు వెతుక్కుంటూ వెళ్ళాను.
చెంచా సరిగా కడగలేదా? మూత అంచున ఏమన్నా మిగిలిందా?
వెళ్ళి చూస్తే గడ్డపెరుగు,
చెంచా గుచ్చితే నిలబడేంత.
కిటికీ దగ్గర నజీబ్రోలా కొత్తిమీర తరుగుతోంది,
అవసరానికి మించి సన్నగా.
"రెండింటికి మెలకువ వచ్చింది" అంది తలెత్తకుండానే.
"మూడింటికి ఉంది. అదొక్కటే అలా ఉత్తగా…
ఒక్క చెంచా. చిన్నదే."

టెక్లే ఒక గంట ఆమెతో మాట్లాడలేదు.
తర్వాత, లోపాలు అన్న శీర్షిక కింద రాసింది,
"రాత్రి రెండు గంటలకు
అదుపులో లేని చరరాశి ఒకటి
చెప్పుల్లేకుండా వంటింట్లోకి వచ్చింది."

మార్కుల పట్టికలో అలాంటి వాక్యానికి చోటు లేదు.
కొట్టేసి, "నియంత్రణ నమూనా కలుషితమైంది" అని రాయించాను.
నాలుగో సీసా మాత్రం ముగ్గురం తిన్నాం, తేనె వేసుకుని.

ఒక్కసారి చేసి నిజమనుకోకూడదు.
శుక్రవారం మళ్ళీ పాలు, మళ్ళీ నాలుగు సీసాలు.
ఈసారి బామ్మను మూడో అంతస్తులో
ఎతేరీ ఇంట్లో పడుకోమన్నాం.
దిండు చంకన పెట్టుకుని మెట్లు దిగింది,
నాణెం దండగని,
మలుపు దగ్గర ఒకసారి ఆగి.

తెల్లారి నేను వెళ్ళేసరికే వంటింట్లో ఉంది.
గట్టిగా తోడుకున్న మూడింటినీ పక్కకి జరిపి
నాలుగోదాన్ని వెలుతురుకి ఎత్తి వంచింది.
పాలు.
అటు వంచితే అటు, ఇటు వంచితే ఇటు.

టెక్లే గడిలో "మార్పు లేదు" అని రాసి
కింద రెండు గీతలు గీసింది,
ఇన్నాళ్ళకి పెన్ను మూత కొరక్కుండా.

బామ్మ చేతిలో అప్పటికే చెంచా ఉంది.
"రాయడం అయిందా?" అని అడిగింది.
"ఇక వెయ్యొచ్చా?"